హై పవర్ బ్లెండర్ కొంటే మిక్సీ, గ్రైండర్ తీసేయొచ్చా? బెంగళూరు తెలుగు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు వైపు ఫ్లాట్లలో వంటింటి గట్టు ఎంత ఉంటుందో తెలిసిందే. స్టవ్వు, వాటర్ ఫిల్టర్ పెట్టాక మిగిలిన చోట్లో మిక్సీ, గ్రైండర్, జ్యూసర్, చాపర్ అన్నీ పట్టవు. అందుకే "అన్నిటికీ కలిపి ఒక పెద్ద బ్లెండర్ కొనేస్తే పోలా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. షాపులో డెమో చూస్తే స్మూతీ, ఐసు ముక్కలే తప్ప మన వంట కనబడదు. మినప్పిండి, గోంగూర పచ్చడి, కందిపొడి దగ్గర ఆ మెషిన్ ఏం చేస్తుందో తెలియకుండా అంత డబ్బు పెట్టకూడదు. అందుకని మన వంటల మీదే జవాబులు రాస్తున్నాను.

హై పవర్ బ్లెండర్‌కీ మిక్సీకీ అసలు తేడా ఏంటి?

మన మిక్సీలు ఎక్కువగా 500 నుంచి 1000 వాట్లు. హై పవర్ బ్లెండర్లు 1200 నుంచి 2000 వాట్ల దాకా ఉంటాయి. అందరూ ఈ అంకె చూసే కొంటారు. కానీ వాట్ల కంటే ముందు చూడాల్సింది జార్.

మిక్సీకి మూడు స్టీలు జార్లు వస్తాయి: పెద్దది, పొడులకి ఒకటి, చట్నీకి చిన్నది. బ్లెండర్‌కి మాత్రం ఒకటే పొడవాటి ప్లాస్టిక్ జార్, చాలావాటికి 2 లీటర్లది. అందులో వేసింది సుడి తిరుగుతూ మధ్యలోంచి బ్లేడు మీదికి దిగుతుంది, పక్కల నుంచి మళ్లీ పైకి లేస్తుంది. ఆ సుడి నిలబడాలంటే జార్‌లో సరిపడా సరుకు ఉండాలి, సరిపడా తడి ఉండాలి. రెండూ ఉంటే బ్లెండర్ ముందు మిక్సీ ఆగదు. ఏ ఒక్కటి తగ్గినా సరుకంతా గోడలకి అంటుకుపోయి, బ్లేడు ఖాళీగా తిరుగుతుంది.

ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఇలాంటి బ్లెండర్లు పళ్లు, ఐసు, సూపుల కోసం అమెరికాలో పుట్టాయి. వైటామిక్స్ కంపెనీ మొదటి బ్లెండర్ 1937లోనే వచ్చింది. మన మిక్సీ కథ వేరు. విదేశీ బ్లెండర్ మన రుబ్బుడికి తట్టుకోలేక కాలిపోతే, ముంబైలో ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ 1960ల్లో మన వంటకి తగ్గట్టు సుమీత్ మిక్సీ తయారుచేశారు. ఎండు మసాలా, గట్టి ముద్ద, కొద్దిపాటి చట్నీ అనే మూడు పనులూ మిక్సీ పుట్టుకలోనే ఉన్నాయి.

అయితే మిక్సీ తీసేయొచ్చా?

వద్దు. కనీసం చట్నీ జార్ ఉన్న చిన్న మిక్సీ అయినా ఉంచుకోండి.

ఇద్దరున్న ఇంట్లో పొద్దున ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి ఎంత చేస్తాం? అరచిప్ప కొబ్బరి, రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు పుట్నాలపప్పు. 2 లీటర్ల జార్‌లో వేస్తే అది బ్లేడు పైకి కూడా రాదు. తిరగడానికి నీళ్లు పోస్తే పచ్చడి పులుసవుతుంది. మూత తీసి గరిటెతో గోడలు గీకుతూ కూర్చుంటే మిక్సీలో అరనిమిషం పని ఇక్కడ ఐదు నిమిషాలు పడుతుంది. పైగా బ్లేడు కింద చిక్కుకున్న రెండు చెంచాల పచ్చడి చేతికి రాదు.

గోంగూర, దోసకాయ, వంకాయ పచ్చళ్లు ఇంకా కష్టం. వీటికి మెత్తదనం పనికిరాదు. దోసకాయ ముక్క పంటికి తగలాలి, గోంగూరలో ఎండుమిరప గింజ కనబడాలి. బ్లెండర్ ఎంత తక్కువ స్పీడులో పెట్టినా రెండు క్షణాల్లో పేస్టు చేసేస్తుంది. రోటి పచ్చడికి రోలే సాటి. అది లేనిచోట చట్నీ జార్‌ని ఒక్కో తిప్పు తిప్పుతూ ఆపడమే దారి.

కొన్ని బ్లెండర్లకి 300 నుంచి 600 మిల్లీలీటర్ల చిన్న కప్పులు విడిగా దొరుకుతాయి. మీ మోడల్‌కి అవి ఉంటే మిక్సీ అవసరం బాగా తగ్గుతుంది. కొనేముందు అడగాల్సిన మొదటి మాట ఇదే.

గ్రైండర్ బదులు బ్లెండర్‌లో ఇడ్లీ పిండి వస్తుందా?

వస్తుంది, పద్ధతి తెలిస్తేనే. ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

గ్రైండర్‌లో రాళ్లు నెమ్మదిగా తిరుగుతూ పప్పుని నలుపుతాయి. 25, 30 నిమిషాలు నలిగే లోపల పిండిలోకి గాలి చేరుతుంది. మినపప్పులో ఉన్న జిగురూ ప్రొటీన్లూ ఆ గాలి బుడగల్ని పట్టి ఉంచుతాయి. అందుకే గ్రైండర్ పిండి వెన్నలా పొంగి, అదే గ్లాసు పప్పుకి ఎక్కువ పిండి అవుతుంది. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కి జీఐ ట్యాగ్ (ఆ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు) ఊరికే రాలేదు. బ్లెండర్‌లో బ్లేడు పప్పుని నలపదు, నరుకుతుంది. పైగా ఆ వేగానికి రాపిడి పుట్టి పిండి వేడెక్కుతుంది. వేడెక్కిన మినప్పిండి సరిగా పులవదు, ఇడ్లీ గట్టిపడుతుంది.

తెలుగువాళ్లకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. పక్కింటి కన్నడవాళ్లో తమిళులో ఇడ్లీ బియ్యం కూడా రుబ్బుకుంటే, మనలో చాలా ఇళ్లలో ఇడ్లీ రవ్వ కలుపుతారు. అంటే రుబ్బాల్సింది గ్లాసు మినపగుళ్లు మాత్రమే, రెండు గ్లాసుల రవ్వ కడిగి, నీళ్లు పిండేసి కలపడమే. కాబట్టి గ్రైండర్ లేకుండా నెట్టుకురావడం మనకి కాస్త తేలిక.

పద్ధతి ఇది. పప్పు నాలుగైదు గంటలు నానబెట్టండి, చివరి గంట గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి. నీళ్లు ఐసు నీళ్లే వాడండి, గ్లాసు పప్పుకి ముప్పావు నుంచి గ్లాసు లోపు, కొంచెం కొంచెంగా. మధ్యస్థం స్పీడులో 20, 30 సెకన్లు తిప్పి ఆపండి, జార్‌తో వచ్చే టాంపర్ కర్రతో పప్పుని కిందికి తోస్తూ ఉండండి. జార్ అడుగు చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా తగిలితే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. మెత్తబడ్డాక వెడల్పు గిన్నెలోకి తీసి, రవ్వ కలిపేముందు చేత్తో మూడు నాలుగు నిమిషాలు గిలక్కొట్టండి. బ్లెండర్ ఇవ్వలేని గాలి చేతి నుంచే రావాలి. గిన్నెడు నీళ్లలో చిటికెడు పిండి వేస్తే తేలాలి. మునిగితే ఇంకా కొట్టండి.

డిసెంబరు, జనవరిలో బెంగళూరు చలికి పిండి ఎనిమిది గంటల్లో పొంగదు, పన్నెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. అది బ్లెండర్ తప్పు కాదు. మూత పెట్టి, లైటు మాత్రం వేసిన ఓవెన్‌లో ఉంచండి.

వారానికి ఒకసారి ఇద్దరికో ముగ్గురికో ఇడ్లీ వేసే ఇంటికి ఇది చాలు. అత్తామామలతో కలిసి ఆరేడుగురు ఉండి, వారంలో మూడుపూటలు ఇడ్లీ దోసెలైతే గ్రైండర్ తీసేయకండి.

దోసె, పెసరట్టు, గారెలు?

పెసరట్టుకి బ్లెండర్‌ని మించింది లేదు. పులవాల్సిన పని లేదు, పిండి జారుగానే ఉండాలి, నానిన పెసలు అల్లం పచ్చిమిర్చితో సహా నిమిషంలో మెత్తబడతాయి. దోసె పిండి కూడా బాగానే వస్తుంది, అందులోకి నీళ్లు ఎక్కువే పడతాయి కాబట్టి సుడి ఆగదు.

గారెల పిండికి మాత్రం వద్దు. నీళ్లు తగలకుండా గట్టిగా రావాలి, బ్లెండర్‌లో నీళ్లు లేకుండా అది తిరగదు. తిప్పడానికని పోసిన నీళ్ల వల్ల గారె నూనె తాగుతుంది.

కందిపొడి, కారప్పొడి, మసాలాలు?

వేయించి పూర్తిగా చల్లార్చిన కందిపప్పు, పుట్నాలు, ధనియాలు కనీసం రెండు గ్లాసులు వేస్తే చక్కగా నలుగుతాయి. చిన్న మోతాదు ఎగిరి మూతకి కొడుతుంది తప్ప నలగదు. తడి పనుల జార్‌లో బ్లేడు సరుకుని కిందికి లాగుతుంది. పొడుల కోసం కొన్ని కంపెనీలు అమ్మే విడి జార్‌లో బ్లేడు పైకి ఎగదోసేలా ఉంటుంది. పొడులు తరచుగా చేసేవాళ్లకి ఆ రెండో జార్ తీసుకోవడం మంచిది, లేదంటే రోజూ స్మూతీ చేసే జార్ గీతలు పడి మసకబారిపోతుంది.

మిరపకాయల విషయంలో ఒక జాగ్రత్త. గుంటూరు మిరపకాయలు పట్టాక ఆపీ ఆపగానే మూత తీయకండి. మూడు నాలుగు నిమిషాలు పొడి అణిగేదాకా ఆగండి. చిన్న ఫ్లాట్లో ఒకసారి ఆ ఘాటు లేచిందంటే పడకగదిలో పిల్లలు కూడా తుమ్ముతారు. కారానికి గుంటూరువి, రంగుకి ఇక్కడ దొరికే బ్యాడగివి కలిపి పట్టుకుంటే మంచి కారప్పొడి అవుతుంది.

నువ్వులు, పల్లీలు ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే వేడికి నూనె వదిలి ముద్దవుతాయి. పల్లీ బటర్ కావాలంటే అదే కావాల్సింది, నువ్వుల పొడికి కాదు. ఎండు పసుపు కొమ్ముల్ని ఏ బ్లెండర్‌లోనూ వేయకండి.

పిండి మరకి వెళ్లక్కర్లేదా?

పావుకిలో అరకిలో రాగిపిండి, జొన్నపిండి, బియ్యప్పిండి అయితే ఇంట్లోనే చేసుకోవచ్చు. పసిపిల్లల రాగిజావకి మొలకెత్తించి ఎండబెట్టిన రాగులు పట్టడానికి ఇది ఎంతో ఉపయోగం. తర్వాత సన్న జల్లెడ పట్టాల్సిందే. నెలకి ఐదు కిలోల గోధుమలు పట్టించేవాళ్లు మాత్రం గిరణికే వెళ్లండి.

సంక్రాంతి అరిసెలకి కావాల్సింది తడి బియ్యప్పిండి. నానబెట్టి వడేసిన బియ్యం పొడిగా కాకుండా, మరీ తడిగా కాకుండా ఉంటుంది. బ్లెండర్‌లో అది అడుగున గడ్డకడుతుంది. గ్లాసున్నర చొప్పున వేసి, జల్లిస్తూ, మిగిలిన నూకని మళ్లీ వేస్తూ చేస్తే కిలో బియ్యం దాకా అవుతుంది. అంతకు మించితే పిండి మరే నయం.

కాఫీ గింజలు?

వద్దు. బ్లేడు కింద కొన్ని గింజలు దుమ్మవుతాయి, కొన్ని నూకలా మిగులుతాయి. ఆ దుమ్ము ఫిల్టర్ చిల్లుల్ని మూసేసి డికాషన్ దిగదు. మల్లేశ్వరం, గాంధీ బజార్, జయనగర్ కాఫీ పొడి కొట్లలో మీ కళ్లముందే పట్టి, చికోరీ మీరు చెప్పినంత కలిపి ఇస్తారు. బెంగళూరులో ఉండి ఆ భాగ్యాన్ని వదులుకోకండి.

జ్యూసర్ అక్కర్లేదు కదా?

చాలామందికి అక్కర్లేదు. కానీ వచ్చేది జ్యూస్ కాదు, పిప్పితో సహా మెత్తబడిన చిక్కటి పానీయం. ఆరోగ్యానికి పీచు ఉండటమే మంచిది. పలచటి రసమే కావాలంటే పల్చటి బట్టలో వడేయాలి. బత్తాయి, కమలా గింజలు తీసి వేయండి, నలిగితే చేదెక్కుతాయి. కొబ్బరిపాలు, బాదం పాలు తీయడానికి మాత్రం ఇది మిక్సీ కంటే చాలా మెరుగు, అదే కొబ్బరికి చిక్కటి పాలు వస్తాయి.

ఉల్లిపాయలు తరగడం, చపాతీ పిండి కలపడం?

చపాతీ పిండి కలపదు. మోటారుని ఇబ్బంది పెట్టకండి.

కూరగాయలకి ఒక ఉపాయం ఉంది. పెద్ద ముక్కల క్యాబేజీ, క్యారెట్ జార్‌లో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, రెండు మూడుసార్లు పల్స్ నొక్కి వడకట్టాలి. ముక్కలు నీళ్లలో తేలుతూ సమంగా తెగుతాయి. వేపుడుకి ఆ తడి అడ్డమే. బిర్యానీకి ఉల్లిపాయ చీలికలు కావాలంటే కత్తిపీటో చాకో తప్పదు.

వేడి వేడి సూప్, రసం అందులోనే చేయొచ్చంటారు, నిజమేనా?

వేడెక్కడం నిజం. హీటర్ ఏమీ ఉండదు. ఎక్కువ స్పీడులో ఐదారు నిమిషాలు తిప్పితే బ్లేడు రాపిడికే టమాటా సూప్ పొగలు కక్కుతుంది. వానాకాలం సాయంత్రాల్లో హాయిగా ఉంటుంది. కానీ అది వేడెక్కడమే, ఉడకడం కాదు. కందిపప్పు అందులో ఉడకదు. రాజ్మా అయితే నానబెట్టినవైనా పచ్చిగా రుబ్బి తాగడం ప్రమాదం, బాగా మరిగించి ఉడికించినప్పుడే వాటిలోని విషపదార్థం పోతుంది. రసానికి పోపు, మరుగు రెండూ పొయ్యి మీదే జరగాలి.

ఇక ముఖ్యమైన సంగతి. బుల్లెట్ రకం (కప్పుని తలకిందులుగా బిగించే చిన్న) బ్లెండర్ల కప్పులు పూర్తిగా మూసుకుపోయి ఉంటాయి, ఆవిరి పోయే దారి ఉండదు. వాటిలో మరుగుతున్న పప్పో సాంబారో పోసి తిప్పితే లోపల ఒత్తిడి పెరిగి, మూత విప్పేటప్పుడు ముఖం మీదికి చిమ్ముతుంది. మామూలు మిక్సీ జార్ కూడా అంతే. పెద్ద బ్లెండర్ మూతకి మధ్యలో ఒక చిన్న బిరడా ఉంటుంది, వేడివాటికి అందులోంచి ఆవిరి పోయే దారి ఉండాలి. జార్ సగానికి మించి నింపకండి, తక్కువ స్పీడులో మొదలుపెట్టండి, మూత మీద మడిచిన గుడ్డ పట్టుకోండి. పిల్లల్ని గట్టు దగ్గరికి రానివ్వకండి.

మజ్జిగ, వెన్న?

లస్సీ, మజ్జిగ క్షణంలో అవుతాయి. మీగడ నుంచి వెన్న తీయాలంటే తక్కువ స్పీడు, చల్లటి నీళ్లు, రెండు మూడు నిమిషాలు చాలు. వెన్న గుండ్రంగా తేలగానే ఆపండి. దాటితే మళ్లీ కలిసిపోతుంది.

ఏ ప్లగ్గు పాయింటులో పెట్టాలి? కరెంటు బిల్లు, ఇన్వర్టర్ సంగతేంటి?

వంటింట్లో మామూలు చిన్న పాయింటు 6 ఆంపియర్లది. మన 230 వోల్టుల దగ్గర అది 1380 వాట్లు. 1500 వాట్ల బ్లెండర్‌కి పెద్ద 16 ఆంపియర్ల పాయింటే వాడాలి. చిన్న పాయింటులో పెట్టడానికి అడాప్టర్లు కొనకండి, వైరు వేడెక్కుతుంది. అద్దె ఇంట్లో పెద్ద పాయింటు ఫ్రిజ్‌కో ఓవెన్‌కో పోయి ఉంటుంది, ముందే చూసుకోండి.

బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు. 1500 వాట్ల బ్లెండర్ మూడు నిమిషాలు నడిచినా, 150 వాట్ల గ్రైండర్ అరగంట నడిచినా ఖర్చయ్యేది ఒకటే, 0.075 యూనిట్. కరెంటు పోయినప్పుడు మాత్రం ఇళ్లలో వాడే 900 వీఏ ఇన్వర్టర్ మీద ఈ బ్లెండర్ నడవదు. పొద్దున్నే కరెంటు పోయే ఏరియాలో ఉంటే రాత్రే రుబ్బిపెట్టుకోండి.

అమెరికా నుంచి తిరిగొస్తున్నాం. అక్కడి బ్లెండర్ తెచ్చుకోమా?

నా సలహా అయితే అక్కడే అమ్మేసి రండి. అక్కడి మెషిన్ 120 వోల్టులది. ఇక్కడ నేరుగా పెడితే కాలిపోతుంది. దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే 1400, 1500 వాట్ల మోటారుకి కనీసం 2000 వాట్లకి పైన రేటింగు ఉన్నది కావాలి. అది చాలా బరువు, గట్టు మీద గ్రైండర్ అంత చోటు తింటుంది. చోటు కోసమే కదా ఈ బ్లెండర్ అనుకున్నాం! వారంటీ కూడా దేశం దాటి రాకపోవచ్చు, కంపెనీని అడగండి.

శబ్దం మరీ ఎక్కువా?

ఎక్కువే. మిక్సీ కంటే గట్టిగా అరుస్తుంది, కాకపోతే తొందరగా అయిపోతుంది. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే గట్టుకి పాకే అదురు తగ్గుతుంది. పొద్దున ఆరుకి ముందు పక్కవాళ్ల గోడకి ఆనుకున్న గట్టు మీద పెట్టకండి.

జార్ తెల్లగా మసకబారింది. ఎందుకు?

కావేరి నీళ్లు అందని ఏరియాల్లో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లే గతి. వాటిలోని ఉప్పు ప్లాస్టిక్ మీద తెల్ల పొరలా పేరుకుంటుంది. జార్‌లో అర కప్పు వెనిగర్ పోసి, మిగతా నీళ్లతో నింపి, కొన్ని గంటలు ఉంచి కడగండి. పొర పోతే అది నీళ్ల వల్లే. పోకపోతే పొడులు పట్టిన గీతలు, వాటికి మందు లేదు. పసుపు మరకలైతే కడిగి ఎండలో పెట్టండి, ఎండకి పసుపు రంగు వెలిసిపోతుంది.

రోజూ కడగడం సులువే. సగం గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క లిక్విడ్ వేసి నిమిషం తిప్పితే చాలు. అల్లం వెల్లుల్లి ముద్ద పట్టాక మాత్రం మూత రబ్బరు తీసి విడిగా కడగాలి, లేకపోతే మర్నాడు అరటిపండు మిల్క్‌షేక్‌కి వెల్లుల్లి వాసన వస్తుంది.

పాడైతే బాగుచేసేవాళ్లు దొరుకుతారా?

మిక్సీకి బుష్ మార్చడం, బ్లేడు సానపట్టడం, జార్ అడుగు మార్చడం దాదాపు ప్రతి ఏరియాలో ఉండే రిపేరు కొట్లో చేస్తారు. బ్లెండర్‌కి ఆ సౌకర్యం తక్కువ. మోటారుని జార్ బ్లేడుకి కలిపే కప్లర్ అరిగినా, జార్ అడుగున బేరింగ్ నుంచి నీళ్లు కారినా కంపెనీ విడిభాగమే రావాలి. అందుకే కొనేరోజు షాపువాణ్ణి రెండు ప్రశ్నలు అడగండి: బెంగళూరులో మీ సర్వీస్ సెంటర్ ఎక్కడ, విడి జార్ ధర ఎంత? జార్ ధర మంచి మిక్సీ ధరకి దగ్గరగా ఉంటే ఇంకో మోడల్ చూడండి. వారంటీ కాగితంలో మోటారుకి ఎన్నేళ్లు, జార్‌కి ఎన్నేళ్లు అని విడివిడిగా చదవండి. తిప్పుతుంటే మోటారు వేడెక్కి దానంతటదే ఆగిపోతే కంగారుపడి సర్వీసుకి ఫోన్ చేయకండి. అది ఓవర్‌లోడ్ రక్షణ. ప్లగ్గు తీసి, అరగంట నుంచి ముప్పావుగంట చల్లారనిచ్చి, జార్‌లో సరుకు కొంత తగ్గించి, కాసిని నీళ్లు పోసి మళ్లీ ఆన్ చేయండి.